ప్రభువుల భక్తియు పిల్లల చదువును

మా చేవెళ్లలో నొక ప్రజానాయకుని సభ జరిగినది. ఆయన పేరుతో మన కిచట పనిలేదు; అట్టివారు ప్రతి నియోజకవర్గమునందును గలరు. వేదిక యెక్కుటకు ముందు ఆయన గుడికి బోయి ప్రదక్షిణము చేసి వచ్చెను. మేము దగ్గఱనే యుంటిమి. కన్నులు మూసికొని, పెదవులు కదలుచుండగా, చుట్టునున్న ఫోటోలవారిని మఱచి యాయన నిలుచున్న తీరు చూచి, ఈయన బొట్టు వోట్లకొఱకు పెట్టుకొన్నది కాదనియే యనుకొంటిమి. రాజకీయములలో నున్నవారి భక్తి యెల్ల నటనయే యని తేల్చివేయుట, సంస్కారప్రియులమని చెప్పుకొనువారికి సులభమైన యలవాటు. మే మాపని చేయము.

ఉపన్యాసమున నాయన యొక వాగ్దానము చేసెను. మన పిల్లలకు మన గ్రంథములు తెలియకుండ పోవుచున్నవట. గుడి ప్రక్కన నొక పాఠశాల కట్టింతునని, ప్రతిదినము బడివేళకు ముందు గంటసేపు గీతయు సుభాషితములును స్తోత్రములును నేర్పింతునని, అంతయు తన సొంతధనముతోనే చేయింతునని చెప్పెను. జనులు చప్పట్లు కొట్టిరి. సంస్కృతము చదివినవారమని మమ్మును వేదికమీద కూర్చుండబెట్టిరి గావున మేమును కొట్టితిమి. మొగమాటమునకు కాదు, మనఃపూర్వకముగనే. 20 ఏండ్లుగా బడిలో తెలుగును సంస్కృతమును చెప్పుచు, రామశబ్దము వల్లెవేయించుటకే పిల్లలను బతిమాలుకొనుచున్న వారికి ఆ మాట తీయగా నుండదా?

మఱునాడు మధ్యాహ్నపు గంట కొట్టినపుడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు మా కుర్చీ దగ్గఱకు వచ్చి నిలిచెను. ఊరి చివర మాలవాడనుండి వచ్చువాడు. సంధులు విడదీయుటలో వానికి సాటివాడు తరగతిలో లేడు. "సారూ, ఆ కొత్త బడిల నన్ను గూడ కూసోనిస్తరా? అందరితోని లోపల్నే కూసోపెడ్తరా?" అని యడిగెను. మేము సమాధానము కూడగట్టుకొనుచుండగనే, వాని వెనుక నిలిచిన యొక ముస్లిము బాలిక, మొయినాబాదు దారిలోని పల్లెనుండి బస్సులో వచ్చునది, తలవంచుకొని, "నేను రాకపోతే ఎవరన్న ఏమన్న అంటరా, సార్?" అని యడిగినది.

ఒకరు లోపలికి వచ్చుటకు త్రోవ యడిగిరి; మఱొకరు బయట నుండుటకు సెలవడిగిరి. తర్కము చదివితిమి, ఇంగ్లీషున మిల్లుగారి స్వేచ్ఛావాదము చదివితిమి. అయినను ఆ క్షణమున మా నోట వచ్చినది "చూద్దాం లే, బిడ్డా" యన్న మాట మాత్రమే. పెద్దలు పిల్లలకు చెప్పు మాటలలో నింతకంటె పిఱికిమాట మే మెఱుగము.

ఆ రాత్రి మా చిన్ననాటి పాఠశాల జ్ఞాపకమునకు వచ్చినది. ఊరును పేరును చెప్పము. గురువుగారు ఉదారులు, మాకు కూడుపెట్టి చదువు చెప్పినవారు. ఆ పాఠశాల కిటికీ క్రిందనున్న వీధియరుగుకడ, మా యీడు కుఱ్ఱవాడొకడు పశువులను తోలుకొనిపోవుచు నిత్యము నాగెడివాడు. లోపల మేము శ్లోకము తప్పినపుడు వాడు బయటనుండి నవ్వెడివాడు. సరియైన పాఠము వానికి తెలియును గాబట్టియే గదా నవ్వుట! గురువుగారు విననట్లుండెడివారు. మేమును విననట్లే యుంటిమి. వానిని లోపలికి పిలువుడని యడుగుటకు మాకు నోరు రాలేదు. అడిగినచో మా చోటే పోవునేమో యని భయము. కొన్నినాళ్లకు వాడా దారిని వచ్చుట మానివేసెను. మేము పరీక్షలు ప్యాసై ఉద్యోగము సంపాదించితిమి. నలువది దాటిన యీ వయస్సునను ఆ నవ్వు మాకు వినబడుచునే యున్నది.

ఆదివారమునాడు మనస్సు కుదుటపడునేమో యని చిలుకూరి బాలాజీ దర్శనమునకు బయలుదేఱితిమి. మొయినాబాదు మీదుగా బోవు ఆ దారికి నీడనిచ్చునవి మఱ్ఱిచెట్లు. నిజాముకాలమున నాటినవని చెప్పుదురు. అవి దాదాపు 900 అని వృక్షప్రేమికులు లెక్కవేసిరి. రోడ్డు వెడల్పు చేయుటకై వానిని తొలగింపవలెనా యన్న తగవు హరిత ట్రిబ్యునలు దాక బోయినది. చిలుకూరి కావల గండిపేట చెఱువు. 1908 నాటి మూసీ వఱద నగరమును ముంచిన తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహామీద కట్టనారంభించి 1920లో ముగించిన ఉస్మాన్‌సాగరమే యది. చెట్టును చెఱువును చూచుచు పోవువారికి వానిని పెట్టించిన ప్రభువు తలపునకు రాక మానడు. మా పిల్లల ప్రశ్నలు రెండును ఆయన కాలమునను పుట్టినవే.

1911 నుండి 1948 వఱకు హైదరాబాదు నేలిన మీర్ ఉస్మాన్ అలీ ఖాను నిష్ఠగల ముస్లిము. 1967లో మరణించినపుడు కింగ్‌కోఠి యెదుటి మస్జిదులో తల్లి సమాధిచెంతనే ఆయనను ఖననము చేసిరి. ఆ భక్తి కట్టలుగా రూపాయలై మతవిద్యకు బాఱినది. అలీగఢమునకిచ్చెను, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకును ఇచ్చెను. రవీంద్రుని విశ్వభారతిలో ఇస్లాం విద్యలకై లక్షరూపాయలిచ్చెను. పుణ్యనగరమున భండార్కరు పరిశోధనాలయమువారు మహాభారతమును పరిష్కరించి ప్రకటించుచుండగా దానికిని సంవత్సరమునకు 1,000 రూపాయల చొప్పున సాయపడెను. అక్కడి యతిథిగృహ మిప్పటికిని ఆయన బిరుదుపేరనే యున్నది. మా వృత్తివారికి వేడుక గొల్పు సంగతి యొకటి కలదు. పిక్తాలను నాంగ్లేయుడు, ఇస్లాము స్వీకరించినవాడు, 1925లో హైదరాబాదునకు వచ్చి చాదర్‌ఘాటు హైస్కూలునకు ప్రధానోపాధ్యాయుడయ్యెను. ఖురానును ఇంగ్లీషులోనికి దెచ్చు పనికై నిజాము ఆయనకు జీతముతోనే సెలవిచ్చెను. ఆ యనువాదము 1930లో వెలువడి నేటికిని లోకమంతట చదువబడుచున్నది. హెడ్మాస్టరునకు పుస్తకము వ్రాసికొమ్మని జీతముతో సెలవిచ్చు ప్రభువులు ఈ కాలమున నెక్కడనైన నున్నారేమో మాకు తెలియదు. మాకు కాజువల్ లీవే కష్టము!

1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ముస్లిము విద్యార్థులకు మతశాస్త్రము తప్పనిసరి. ఇతరులకు దానికి బదులు నీతిశాస్త్రము. మా బాలిక ప్రశ్నకు ఆ యేర్పాటు సగము సమాధానము చెప్పినది. పరమతస్థుని తన మతపాఠమునకు పట్టి యీడ్వలేదు. ఆ కాలమున మిషను బడులలో బైబిలు గంటకు కూర్చుండక తప్పని హిందూబాలురు మన సర్కారు జిల్లాలలో నెందఱో యుండిరి. వారికంటె మేలే యనవలెను.

సగమే యనుటకు కారణము కలదు. చదువు చెప్పినది ఉర్దూలో. రాజ్యమున సగమునకు దగ్గఱగా నున్న తెలుగువారి పిల్లకు ఆ ద్వారము పైకి తెఱచియే యుండెను, భాష మాత్రము గడియ వేసెను. మతపాఠము మాట యటుండగా, ఓనమాలే తల్లిభాషలో దొరకలేదు. ఊరివారు చందాలెత్తి సొంతబడి పెట్టుకొందమన్నను సర్కారు అనుమతి ముందుగా పొందవలెను. ఆంధ్రమహాసభలు మొఱపెట్టినది ముఖ్యముగా నిదియే. 1936లో షాద్‌నగరమున జరిగిన మహాసభకు అధ్యక్షుడు ఈ మొయినాబాదు ప్రక్కనున్న పెద్దమంగళారమున 1890లో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డిగారు. నేడు జిల్లాకే ఆయన పేరు. బస్సుమీద, కచేరిమీద, మా బడిపలకమీద ప్రతిదినము చదువుచున్న ఆ పేరు గలవాడు మన పిల్లల భాషకొఱకు నిలిచినవాడని మా తరగతిలో నడిగినచో ముగ్గురు చేయెత్తుదురు. అందొకడు తెలిసి యెత్తడు.

1938 చివర మఱొకటి జరిగెను. ఉస్మానియా వసతిగృహములలోని హిందూవిద్యార్థులు తమ ప్రార్థనగదిలో వందేమాతరము పాడుచుండిరి. అధికారులు కూడదనిరి. విద్యార్థులు మానలేదు. సమ్మె జరిగెను, వందలకొలది విద్యార్థులను వెళ్లగొట్టిరి. నాగపూరు విశ్వవిద్యాలయము వారిలో పలువురిని చేర్చుకొన్నది. అట్లు పోయినవారిలో నొకడు తరువాత భారతప్రధాని యైన పాములపర్తి వెంకట నరసింహారావు. మతవిద్యకై యింత ధనము వెచ్చించిన రాజ్యమునకు, పిల్లలు తమంతట తాము పాడుకొన్న యొక పాట భరింపరానిదయ్యెను. ప్రభువు తాను పెట్టిన ప్రార్థనను ప్రేమించుట సులభము. ప్రజ తనకై తాను పెట్టుకొన్న ప్రార్థనను ఓర్చుకొనుటయే కష్టము.

అయితే న్యాయముగ నింకొక మాటయు చెప్పవలెను. ఆ గేయమునందే కొన్ని చరణములు తమ విశ్వాసమునకు సరిపడవని ముస్లిములు చెప్పగా, అంతకుముందేడు, అనగా 1937లో, కాంగ్రెసు కార్యవర్గము సభలలో మొదటి రెండు చరణములు మాత్రమే పాడుట మంచిదని నిర్ణయించినది. పాడుదు మన్నవాడు హైదరాబాదులో బాధపడెను. పాడజాల మన్నవాని బాధను వేఱొకచోట పెద్దలు గుర్తించిరి. ఒకరి బాధను చూచి రెండవది లేదనుట మన కలవాటు. 1986లో సుప్రీముకోర్టు ముందునకు కేరళమునుండి ముగ్గురు పిల్లల వ్యాజ్యము వచ్చెను. యెహోవాసాక్షులను క్రైస్తవశాఖవారు, బడిలో జాతీయగీతము పాడునపుడు లేచి మర్యాదగా నిలుచుందురు గాని నోరు విప్పరు. బడినుండి తీసివేసిరి. కోర్టు వారిని మరల చేర్చుకొమ్మని తీర్పు చెప్పినది. ఆ తీర్పు చదివినపుడు మాకు మా మొదటివరుస బాలిక తలవంచుకొని నిలిచిన తీరు గుర్తునకు వచ్చినది.

మతవిద్యయే వలదను మిత్రులు మాకు కలరు. వారితో మేము ఏకీభవింపము. తన మతము తెలియనివాడు ఎవడేది చెప్పిన నమ్మును. పరమతము తెలియనివాడు ఎవనినైన ద్వేషించును. ఇందుకు సర్వేపల్లి రాధాకృష్ణగారి జీవితమే నిదర్శనము. 1888లో తిరుత్తణిలో తెలుగింట పుట్టి, వేలూరిలోను చెన్నపట్టణపు క్రైస్తవ కళాశాలలోను చదివెను. అచటి మిషనరీ గురువులు హిందూమతమును విమర్శించుచుండగా విని, నొచ్చుకొని, ఆ నొప్పితోనే వేదాంతమును మొదటినుండి చదువనారంభించితినని ఆయనయే చెప్పుకొనెను. పరమతపు పాఠము ఆయన మతమును చెఱపలేదు, పరీక్షించినది. స్వతంత్రము వచ్చిన పిమ్మట 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు ఆయనయే అధ్యక్షుడు. భక్తుడు, తత్త్వవేత్త, తరువాత రాష్ట్రపతి. మతవిద్యనుగూర్చి ఆ సంఘ మేమి చెప్పినది? దినారంభమున కొన్ని నిమిషములు మౌనధ్యానము. మొదటియేట బుద్ధుడు, సోక్రటీసు, ఏసు, శంకరుడు, రామానుజుడు, ముహమ్మదు, కబీరు, నానకు, గాంధీ మొదలగువారి చరిత్రలు. రెండవయేట లోకమున కంతకు చెల్లు గ్రంథభాగములు. మూడవయేట మతతత్త్వశాస్త్రపు చిక్కులు. మౌనమున కే మతమును లేదు, ఎవనికి వానిదే. ఈ సూచనలు చాలవఱకు కాగితముమీదనే మిగిలినవి. మన బడులలో మౌనము పరీక్షాధికారి వచ్చినపుడు తప్ప కనబడదు.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 28వ అధికరణమున నీ సంగతి తేల్చినది. పూర్తిగా సర్కారుధనముతో నడచు బడిలో మతబోధ కూడదు. సర్కారు గుర్తింపో సాయమో గల బడిలో మతబోధ యున్నను, అందు గూర్చుండుమని యే విద్యార్థిని బలవంతపెట్టరాదు. వాడు మైనరైనచో తలిదండ్రుల సమ్మతి యుండవలెను. మతములనుగూర్చి తెలుపుట వేఱు, మతమునందు శిక్షణమిచ్చుట వేఱు అను భేదమును 2002లో సుప్రీముకోర్టు అంగీకరించినది. మా నాయకుడు గుడిప్రక్కన సొంతధనముతో కట్టించు పాఠశాల కీ శాసనము అడ్డము రాదు. శాసనము అడ్డము రానిచోటనే మనుష్యుని మర్యాద తెలియుట!

ఇట్లాలోచించుకొనుచు చిలుకూరు చేరితిమి. ఆ గుడి రీతి పాఠకులెఱుగుదురు. హుండీ లేదు. గొప్పవారికి వేఱు వరుస లేదు. మ్రొక్కుకొన్నపుడు 11 ప్రదక్షిణములు, కోరిక తీఱినపుడు 108. అమెరికా వీసాకై వచ్చు యువకులు చేతిలో లెక్కచీట్లు పట్టుకొని వడివడిగా తిరుగుచుందురు. మా శిష్యులును పరీక్షలనెలలో నందు కనబడుదురు, తక్కిన నెలలలో స్వామికి వారితో పనిలేదు. ఆ పరుగులను చూచి నవ్వు వచ్చినను, మంత్రియు కూలియు నొకే వరుసలో చెమటోడ్చుచు తిరుగుట చూడ ముచ్చటయే.

ఈ గుడి యర్చకులైన రంగరాజన్‌గారు 2018 ఏప్రిలు 16న హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి గుడిలో ఒక దళితభక్తుని తన భుజములమీద మోసికొని గర్భగుడి సన్నిధికి కొనిపోయిరి. తిరుప్పాణాళ్వారుల కథ దీనికి మూలము. అంత్యకులజుడని కావేరి యొడ్డుననే నిలిచిన పాణుని, స్వామి యాజ్ఞచే లోకసారంగముని మోసికొని శ్రీరంగమునకు తెచ్చెనని పెద్దలు చెప్పుదురు. మునివాహనుడను పేరట్లు వచ్చినది. మేము ఆ కథను విద్యార్థిదశలో చదివి, ప్రశ్నపత్రమున దానిపై వచ్చిన ప్రశ్నకు నిండు మార్కులు పొందినాము. కిటికీ క్రింది కుఱ్ఱవాడు అప్పటికి రెండేండ్లుగా ఆ దారిని రాకుండెను.

ఆ యర్చకుల యింటికే 2025 ఫిబ్రవరి 7న కొందఱు గుంపుగా వచ్చిరి. రామరాజ్యము స్థాపింతుమని చెప్పుకొనువారు. తమకు మద్దతునిచ్చి మనుష్యులను చేర్చిపెట్టుమనిరి. ఆయన కాదనెను. వారాయనను కొట్టిరి. మొయినాబాదు పోలీసులు కేసు పెట్టి కొందఱిని పట్టుకొనిరి. రాజకీయపక్షములన్నియు ఖండించినవి, మంచిదే. మాకు తోచిన దొక్కటి. మతము పేర నడిగినదానికి కాదనుటకు, జీవితమంతయు స్వామిసేవ చేసిన వైష్ణవునికే స్వేచ్ఛ లేకపోయినచో, మా తరగతిలోని పదునాలుగేండ్ల ముస్లిము బాలిక కెక్కడిది? ఆమె ప్రశ్న తన మతమువారి ప్రశ్న మాత్రమే యని మే మంతవఱకు ననుకొనుచుంటిమి. ఆ గుడిమెట్లమీద కూర్చుండి అది మా ప్రశ్నయు నని తెలిసికొంటిమి.

ఇంటికి వచ్చి నాయకునికొక లేఖ వ్రాసితిమి. పాఠశాలకు మా సమ్మతి కలదని, జీతము లేకయే చెప్పుదుమని, అయితే ద్వారముమీద రెండు వాక్యములు చెక్కింపవలెనని వేడితిమి. ఎవరు వచ్చినను ఒకే చాపమీద లోపల కూర్చుండవచ్చుననునది మొదటిది. రానివారి నెవరును కారణ మడుగరనునది రెండవది. పదిదినములకు ఆయన సహాయకుడు ఫోను చేసెను. "సార్, మొదటిది బాగున్నది. అన్న కూడ మెచ్చుకున్నరు. రెండోది ఎందుకు సార్? ఇక్కడ ఎవరిని ఎవరు బలవంతం చేస్తున్నరు? అది రాస్తే లేని అనుమానం పుట్టదా?" అనెను. మాట మంచిగనే యాడెను. బలవంతము లేనిచోట ఆ వాక్యము వ్రాయుటకు ఖర్చేమి యని మే మడిగితిమి. అన్నతో మాటాడి చెప్పెద ననెను. ఇప్పటికి ఐదు నెలలు. గుడిప్రక్క స్థలమున శంకుస్థాపన పలక యున్నది. చుట్టును గడ్డి మొలచినది.

అందాక ఊరకుండనేల యని ఆదివారపు ఉదయములందు మా యింటి నడవలోనే పాఠము మొదలుపెట్టితిమి. ఆ బాలుడును మఱి ఆఱుగురును వచ్చుచున్నారు. మా తల్లిగారు ఎనుబదేండ్ల పెద్దముత్తైదువ కాదు, మడిగట్టుకొను వితంతువు. మొదటివారము వానికి మంచినీళ్లు వేఱు గ్లాసులో నిచ్చిరి. మేము చూచితిమి, వాడును చూచెను. పాఠము ముగిసినతరువాత ఆమెతో మేము మాటాడినది ఇచట వ్రాయదగినది కాదు. కొడుకు తల్లితో నంత గట్టిగా మాటాడరాదు. రెండవవారము ఆమె గదినుండి వెలుపలికి రాలేదు. మూడవవారము వాడు విభక్తి తప్పు చెప్పగా, లోపలినుండి ఆమెయే దిద్దిరి. నాలుగవవారము అందఱికిని ఒకే పళ్లెములో గ్లాసులు వచ్చినవి. ఆమె యేమియు ననలేదు. మేమును అడుగలేదు.

బాలిక రాలేదు. ఎందుకు రాలేదని యెవరును నడుగలేదు. మొన్నటి సోమవారము బడిలో నామె యెప్పటివలెనే మొదటివరుసలో గూర్చుండి, మేము నల్లబల్లపై తొందరలో వ్రాసిన గుణసంధిలో తప్పు చూపినది. దిద్దుకొంటిమి.